సూరమ్మ మందుల మూట

సెలవులకి ఎక్కడికి వెళ్ళొచ్చారని మా బడిలో తోటి టీచర్లందరూ అడిగారు. శ్రీకాకుళం అన్నాను. తిరుపతి కాదు, మద్రాసు కాదు, శ్రీకాకుళమా అని నవ్వారు. చూడ్డానికి అక్కడ ఏముందని మా లెక్కల మేష్టారు ఆరా తీశారు. చూడ్డానికి చాలా ఉంది. కాకపోతే చూసి ఊరుకోవడం చేతనైనవాళ్ళు వెళ్ళాలి. నాకది చేతకాదు. చేతకాక అక్కడ నేను చేసొచ్చిన పని ఎవరితోనూ నోటితో చెప్పలేక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నేను తెనాలిలో ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌ని. నా ఉద్యోగంలో సగం కేకలెయ్యడమే. ఎదుటివాళ్ళ మంచికోసం కేకలేసే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని మొన్నటిదాకా నమ్మాను. మా చిన్నాన్న కూతురు సుశీల నర్సు. శ్రీకాకుళంలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో పని చేస్తోంది. పేరుకి ఆసుపత్రిలో గానీ, నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీదే ఉంటుంది. "ఒక్కసారి వచ్చి నాతో తిరుగు అక్కా, నా పనేమిటో నీకూ తెలుస్తుంది" అని మూడేళ్ళుగా రాస్తోంది. ఈ అరవై ఎనిమిది వేసవిలో పెట్టె సర్దుకుని రైలెక్కాను.

విజయనగరం

స్టేషన్లో సుశీలని నేను గుర్తుపట్టలేదు. ఎండకి నల్లబడింది, చిక్కింది. భుజాన నల్ల రెక్సిన్ సంచీ ఒకటి. ఆ సంచీలో బట్టలుంటాయనుకుని పట్టుకోబోతే "జాగ్రత్త, గాజు గొట్టాలున్నాయి" అని లాక్కుంది. పలకరింపు అదే.

జట్కా నేరుగా ఒక డాక్టరు గారింటికి పోయింది. స్నానమైనా చెయ్యనివ్వలేదని నేను సణుగుతూనే ఉన్నాను. ఆయన పెద్దాయన, చక్కెర జబ్బు చూడ్డంలో చేయి తిరిగినవారట. సుశీల సంచీలోంచి నోటు పుస్తకం తీసి ఒక్కొక్క రోగి పేరూ చదువుతోంది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. శ్రీముఖలింగం సూరమ్మ పేరు దగ్గర కళ్ళు తెరిచారు.

"మూడు వారాలుగా మూత్రం పరీక్షలో ఇటిక రంగేనా?"

"అవునండి. మాత్ర మానలేదు. లెక్కపెట్టాను."

"అయితే సాయంత్రం కూడా ఒకటి వెయ్యండి" అని చీటీ రాసిచ్చారు.

బయటికొచ్చాక అడిగాను, రోగి లేకుండా వైద్యమేమిటని. సుశీల నవ్వింది. ఆ సూరమ్మకి చక్కెర ఉంది, రక్తపు పోటు ఉంది, గుండె బలహీనమై కాళ్ళకి నీరు దిగుతుంది. విజయనగరంలో ఈయన చక్కెర చూస్తారు. శ్రీకాకుళంలో ఇంకొకాయన గుండె చూస్తారు. పోటుకి ఎవరో ఎప్పుడో రాసిన మాత్ర ఆమె అలాగే మింగుతూ ఉండేది. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు. "చక్కెరని ఒకాయన చూస్తాడు, గుండెని ఒకాయన చూస్తాడు. సూరమ్మని ఎవరు చూస్తారక్కా? అదే నా ఉద్యోగం" అంది.

ఆ మధ్యాహ్నం హోటల్లో భోజనం చేశాం. రూపాయి పావలా. తెనాలి కంటే చవక. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎంత బాగుందో, పులుసులో బెల్లం అంత కోపం తెప్పించింది. నేను ఎండుమిరపకాయలు అడిగితే వడ్డించే అతను "ఏటమ్మా, కడుపేటైపోతాది?" అని నిజంగానే కంగారు పడ్డాడు. రెండు మిరపకాయలు తెచ్చి, నేను తింటుంటే పక్కన నిలబడి చూశాడు.

గజపతినగరం

మర్నాడు గజపతినగరం. సుశీల రోగి ఒకాయన అక్కడ కొడుకింట్లో ఉంటే చూడ్డానికి వెళ్ళాం. నాకు గుర్తున్నది ఆయన కాదు, సంత. చింతపండు, తాటి చాపలు, మేకలు, ఒడియా మాటలు కలిపి బేరమాడే ఆడవాళ్ళు. చెప్పు తెగింది నాకు. కుట్టించుకుంటూ కూర్చుంటే పక్కన ఒకడు గోనె మీద ఎండుటాకుల పొడి కుప్ప పోసి అరుస్తున్నాడు.

"పొడపత్రి! పొడపత్రి! సుగరు దెబ్బకి పారిపోతాది! డాకటేరు మాత్రలన్నీ పారీసుకోండి!"

నాకు ఒళ్ళు మండింది. ఇలా జనాన్ని మోసం చెయ్యడానికి సిగ్గు లేదా అని నిలదీశాను. వాడికి కోపం రాలేదు. "ఓలమ్మ, అలాగనీకు. ఇది నమిలి సూడు" అని ఒక ఆకు చేతిలో పెట్టాడు. పంతానికి నమిలాను. చేదు. తర్వాత చిన్న బెల్లం ముక్క ఇచ్చాడు. నోట్లో వేసుకుంటే మట్టి. అచ్చం మట్టి. తీపన్నది మచ్చుకి లేదు. చుట్టూ చేరిన జనం నా మొహం చూసి విరగబడి నవ్వారు. నా ఊళ్ళో నన్ను చూసి అలా నవ్విన మనిషి ఇంతవరకూ లేడు.

సుశీల మాత్రం వాడి పక్కన గొంతుక్కూర్చుని అడుగుతోంది. రోజుకెంత తినమని చెప్తావు? పరగడుపునా, తిన్నాకా? ఎక్కువ తింటే ఏమవుతుంది? వాడు చెప్పినదంతా నోటు పుస్తకంలో రాసుకుంది. "పోలీసులకి పట్టివ్వక వాడితో ముచ్చట్లేమిటే?" అన్నాను.

"నిజంగానే కొంత పని చేస్తుందక్కా ఆ ఆకు. అదే భయం. వాణ్ణి తోలేస్తే ఇంకో సంతలో అమ్ముతాడు. ఎవరెంత తింటున్నారో తెలిస్తే నాకు చాలు."

నేను వినిపించుకోలేదు. సంతలో నవ్వులపాలైన కడుపుమంటలో ఉన్నాను. ఆ మంటే శ్రీముఖలింగం దాకా మోసుకెళ్ళాను.

శ్రీముఖలింగం

శ్రీకాకుళంలో ఒక రోజు ఉండి, శనివారం ఉదయం బస్సులో శ్రీముఖలింగం చేరాం. గుడి గురించి చాలా రాయాలనుకున్నాను. ఆ రాతి మీద చెక్కడం, లింగానికి ముఖం ఉండటం, గర్భగుడిలో చల్లదనం. ఇప్పుడు రాయబోతే ఆ నది ఇసుకే కళ్ళకి కడుతోంది. వేసవిలో వంశధార ఒక పక్కగా సన్నగా పారుతుంది, మిగతాదంతా ఇసుక. పది గంటలు దాటితే ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవలేం. నేను కుట్టించిన చెప్పులు విప్పి నాలుగు అంగలేసి కెవ్వుమన్నాను. అక్కడి వాళ్ళు గుడికి వెళ్ళేటప్పుడు చెప్పులు తొడగరు, చిన్నప్పటి నుంచి అలవాటు.

సూరమ్మ ఇల్లు ఏటికి ఇవతల, గుడికి ఎదురొడ్డున. ఆమెకి అరవై దగ్గర పడి ఉంటాయి. పొట్టి మనిషి, పెద్ద ముక్కుపుడక, వాచిన కాళ్ళు. మేం వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. అది కాదు వింత. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తోంది! అడ్డపొగ అంటారట, ఆ వైపు పెద్దవయసు ఆడవాళ్ళకి మామూలేనట. మా తెనాలిలో అయితే వీధంతా పోగయ్యేది. నేను నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయాను. సుశీల చుట్ట వంక ఒకసారి చూసి, ఎండల సంగతి అడిగినట్టు అడిగింది.

"ఈవారం రోజుకెన్ని?"

"నాలుగమ్మా. మొన్న అయిదు. సిన్న మనవరాలు వచ్చినాది, ఆ సంబరంలో ఒకటి ఎక్కువైపోనాది."

"సరే" అని రాసుకుంది. అంతే. పోటున్న మనిషి చుట్ట కాలుస్తుంటే ఇదేం నర్సు అనుకున్నాను.

సూరమ్మ భర్త సింవాద్రి పొలం నుంచి వచ్చి మాకు చోడంబలి పోశాడు. రాగులని అక్కడ చోళ్ళంటారు. ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన మామిడి ముక్క నంజుకుని ఆ ఎండలో తాగితే ప్రాణం లేచొచ్చింది. ఇంకో గిన్నె అడిగి మరీ తాగాను. "మీ దేశంలో అంబలి తాగరేటి?" అని సూరమ్మ జాలిపడింది. వరి అన్నమే తింటామన్నాను. "పాపం" అంది.

భోజనాలయ్యాక సుశీల బయట అరుగు మీద స్పిరిట్ దీపం వెలిగించుకుంది. సూరమ్మ మూత్రం ఎనిమిది చుక్కలు నీలి మందులో వేసి కాస్తుంది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, ఇటిక రంగు, ఇలా పెరిగేకొద్దీ చక్కెర ఎక్కువ. గాలికి దీపం ఆరిపోతోందని చాప అడ్డం పెట్టి, "అక్కా, ఈలోగా లోపల సూరమ్మ మూట తీసి పరుస్తూ ఉంటుంది, కాస్త కూర్చో" అంది.

ఈ మూట సంగతి చెప్పాలి. సుశీల రోగులందరికీ తలో ఎర్రగుడ్డ ఇచ్చింది. నోట్లోకి పోయే మందు ఏదైనా, ఎవరిచ్చినదైనా ఆ గుడ్డలోనే ఉండాలి. డాక్టరు మాత్రలు, ఆకు పసరు, దేవుడి విభూతి, ఏదైనా సరే. ఆమె వచ్చినప్పుడు అందరి ఎదుటా ముడి విప్పాలి. చదువు రాని వాళ్ళు కాబట్టి మాత్రల పొట్లాల మీద బొమ్మలు గీస్తుంది. పొద్దున్న వేసుకునేదాని మీద సూర్యుడు, సాయంత్రందాని మీద చంద్రవంక. కాళ్ళ నీటికి ఇచ్చేదాని మీద కుండ.

సూరమ్మ నా ముందు ముడి విప్పి ఒక్కొక్కటే గర్వంగా చూపించింది. "ఇది సుగరుకి. సూరుడున్నాడు సూడు. ఇది గుండికి. ఇది నీరు లాగీడానికి." అన్నిటికీ అడుగున పాత న్యూస్ పేపరులో కట్టిన పొట్లం ఒకటి ఉంది. వాసన చూడగానే తెలిసిపోయింది. పొడపత్రి.

"ఇదెక్కడిది?" అన్నాను. నా గొంతు నాకే బాగా తెలుసు. పరీక్షలో కాపీ చీటీ దొరికినప్పటి గొంతు.

"మా తమ్ముడు తెచ్చినాడమ్మా. గజపతినగరం సంతలో కొన్నాడంట. నాలుగు దినాలనుంచి ఏసుకుంతన్నాను. మంచిదంట."

"మంచిదట! ఎవరు చెప్పారు, ఆ సంతలో గోనె పరుచుకున్నవాడా? నర్సమ్మ ఎండనపడి ఇంతదూరం వచ్చి మందులిస్తుంటే ఈ చెత్తంతా తింటున్నావా? బుద్ధుందా నీకు? ఆవిడ చూసిందంటే ఎంత బాధపడుతుంది! తీసి అవతల పారెయ్యి."

సూరమ్మ మొహం చిన్నబోయింది. నా బడి పిల్లల మొహాలు అలా చిన్నబోతే నాకు తృప్తిగా ఉండేది, పాఠం తలకెక్కిందని. ఇప్పుడూ అలాగే అనుకున్నాను. ఆమె గబగబా ఆ పొట్లం తీసి చీర కుచ్చెళ్ళలో దోపుకుంది. పారేస్తుందిలే అనుకున్నాను. ఓ మంచి పని చేశానన్న సంతోషంతో చాప మీద సర్దుకుని కూర్చున్నాను.

సుశీల గాజు గొట్టం పట్టుకుని లోపలికొచ్చింది. ఆకుపచ్చ రంగు.

"ఆశ్చర్యంగా ఉంది. మూడు వారాలుగా ఇటిక రంగు, ఇవాళ ఆకుపచ్చ. ఈవారం ఏమైనా మారిందా సూరమ్మా?"

సూరమ్మ నా వైపు చూసింది.

"ఏటీ మారనేదమ్మా."

సుశీల మూటలో ఉన్నవన్నీ చూసింది, మాత్రలు లెక్కపెట్టింది. ఎప్పుడూ చివర్న అడిగే ప్రశ్న అడిగింది. "ఇంకేటైనా ఉన్నాదా?" వాళ్ళ మాటలోనే అడుగుతుంది అది.

"నేదమ్మా" అంది సూరమ్మ. మళ్ళీ నా వైపే చూసి.

నేను అక్కడే ఉన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నా నోరు, ఎక్కడపడితే అక్కడ తెరుచుకునే నోరు, ఆ ఒక్కసారి మూసుకుంది. ఆమె తప్పు దిద్దాను, పరువూ కాపాడాను అనుకున్నాను కూడా.

సుశీల కాసేపు ఆ గొట్టం వంకే చూస్తూ ఆలోచించింది. ఒక్కరోజు రంగు చూసి డాక్టరు గారి మాట మార్చలేననుకుంది కాబోలు, సంచీలోంచి కొత్త పొట్లం తీసి దాని మీద చంద్రవంక గీసింది. రేపటి నుంచి సాయంత్రం కూడా ఒక మాత్ర. సోమవారం సూరమ్మకి ముఖలింగేశ్వరుడి ఉపవాసం, అది సుశీలకి తెలుసు. తిండి లేని పూట మాత్ర పడితే చక్కెర మరీ తగ్గిపోయి మనిషి పడిపోతుందట. "సోమారం పొద్దున్న సూర్యుడి మాత్ర వద్దు. చెమటలు పట్టి వణుకొస్తే బెల్లం" అని సింవాద్రికి మళ్ళీ చెప్పింది. "నాకు తెల్దేటి, వందసార్లు సెప్పీసినావు" అని ఆయన నవ్వాడు.

కళింగపట్నం

ఆదివారం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒడ్డు పొడుగునా చేపలు ఎండబెట్టారు. మొదటి గంట ముక్కు మూసుకున్నాను, రెండో గంట మర్చిపోయాను, మూడో గంట వేయించిన నెత్తళ్ళతో అన్నం తిన్నాను. ఎర్రయ్య ఇంట్లో తిన్నాం అది. ఎర్రయ్య పడవ మీద చేపల వేటకి పోయే మనిషి, ఇప్పుడు ఆయాసం వల్ల పోవడం లేదు. ఆయాసమూ, పోటూ, చక్కెరా మూడూ ఉన్నాయి.

ఆయన మూట నేను జన్మలో మర్చిపోను. ముందు మాత్రలు తీశాడు. తర్వాత సొరచేప నూనె సీసా. పెళ్ళాం తలనొప్పి మాత్రలు నాలుగు, "మరి మిగిలిపోనాయి కదా" అన్నాడు. అమ్మవారి కుంకం. ఆఖరికి గుమ్మం పక్కనుంచి ఒక కుండ తెచ్చి మూట పక్కన పెట్టాడు.

"ఇదేమిటి ఎర్రయ్యా?"

"కల్లమ్మా. నోట్లోకి ఎల్లిందంతా పెట్టమన్నావు గదా. గుడ్డలో పట్టనేదు."

నేను పక్కకి తిరిగి చీరచెంగు నోట్లో కుక్కుకున్నాను. సుశీల మొహంలో ఒక్క గీత కదల్లేదు. "ఎన్ని గ్లాసులు? ఏ పూట? మాత్ర వేసుకున్నాకా, ముందా?" అని అడిగి రాసుకుంది. అన్నీ అయ్యాక, పెళ్ళాం మాత్రలు నీ పోటు మాత్రలతో కలిస్తే మంచిది కాదయ్యా, అవి ఆవిడకే ఇచ్చెయ్యి అంది. ఎర్రయ్య బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం ఒడ్డున కూర్చున్నప్పుడు అడిగాను. అంత కల్లు తాగుతుంటే తిట్టవేమే అని.

"మొదట్లో నీలాగే తిట్టేదాన్నక్కా" అంది. "ఒకామె మూటలో ఏదో వేరు కనిపిస్తే నలుగురిలో కేకలేశాను. తర్వాత వారం మూట ఎంత శుభ్రంగా ఉందో! నేనిచ్చిన పొట్లాలు తప్ప ఏమీ లేవు. భలే మార్చాను అని మురిసిపోయాను. ఆమె పోయాక బియ్యం కుండలో దొరికింది ఆ వేరు. ఆ రోజునుంచి ఒకటే నియమం. మూట విప్పినప్పుడు నా మొహం మారకూడదు. మొహం మారిందా, ఇక ఆ మనిషి నాకేమీ చూపించదు. చూపించనిదానికి నేనేం చెయ్యగలను?"

అప్పుడే చెప్పాలి. సముద్రం ముందు ఇద్దరమే ఉన్నాం. శ్రీకాకుళం పోయే ఆఖరి బస్సు ఇంకా కదల్లేదు, దాని హారను వినిపిస్తూనే ఉంది. అబద్ధం చెప్పిన పిల్లని ఎండలో నిలబెట్టే హెడ్మిస్ట్రెస్‌ని నేను. చెల్లెలి ముందు తల కొట్టేసినట్టవుతుందని చెప్పలేదు. ఆకు పొడే కదా, ఏమవుతుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పారేసే ఉంటుందిలే అనుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఎర్రయ్య ఇంట్లోనే పడుకున్నాం.

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతుంటే సుశీల తనలో తాను అంది, "ఆ ఆకుపచ్చ నాకు మింగుడు పడటం లేదు. నిన్నటి నుంచి రెండో మాత్ర కూడా పడింది. ఇవాళ ఉపవాసం."

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. పొట్లం, నా కేకలు, ఆమె కుచ్చెళ్ళలో దోపుకోవడం, నా వైపు చూడ్డం.

సుశీల గ్లాసు కింద పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఇంకేమైనా ఉందా అక్కా?" అని అడిగింది.

ఎర్రయ్యని అడిగినట్టే అడిగింది. ఆ మెత్తదనానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేం లేదన్నాను. ఆమె అప్పటికే సంచీ భుజాన వేసుకుంది.

ఇసుక దారి

రెండు బస్సులు మారాం. రెండో బస్సు దారిలో చక్రం గాలి పోయి ముప్పావు గంట ఆగింది. ప్రయాణికులు దిగి తాటి ముంజలు కొనుక్కున్నారు. ఇంకెప్పుడైనా అయితే నేనే ముందు దిగేదాన్ని. డ్రైవరు మీద కేకలెయ్యాలని నాలుక దాకా వచ్చింది, ఆపుకున్నాను.

శ్రీముఖలింగం ఇంకో రెండు మైళ్ళుందనగా ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. తాటాకు చాప కప్పి ఉంది. ముందు నడుస్తున్నది సింవాద్రి. సుశీల లేచి నిలబడి బస్సు ఆపించింది.

"పడిపోనాదమ్మా" అన్నాడు సింవాద్రి. "గుడికని బయలెల్లినాది. నాను పొలంలో ఉన్నాను. ఇసకలో పడిపోయి ఎంతసేపు ఉందో తెల్దు. బట్టలుతికే మనుషులు సూసి కేకేసినారు. నువ్వు సెప్పినట్టు బెల్లం పెట్టినాను. మట్టి పెట్టినావేటని ఉమ్మీసినాది. బెల్లం మట్టేటమ్మా? మతి పోనాదనుకున్నాను. ఊరుకోనేదు, బుగ్గలో రాసీసినాను. మళ్ళీ ఉమ్మితే మళ్ళీ రాసినాను. అప్పుడు కళ్ళిప్పినాది."

సుశీలా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బెల్లం మట్టిలా ఎందుకుంటుందో ఆ దారిలో మా ఇద్దరికే తెలుసు. ఇంటి నుంచి బయల్దేరుతూ చిటికెడు నోట్లో వేసుకుని ఉంటుంది. సూర్యుడి మాత్ర వద్దన్నారు, మానేసింది. ఆకు పొడి మాత్ర కాదు. దాని సంగతి ఎవరూ ఏమీ చెప్పలేదు, పారెయ్యమనడం తప్ప.

బండెక్కాం. సుశీల సంచీలోంచి గ్లూకోజు తీసి నీళ్ళలో కలిపి తాగించింది. సూరమ్మ మాట్లాడగలుగుతోంది. ప్రాణానికి భయం లేదు. కుడికాలు మాత్రం అరికాలి నుంచి చీలమండ దాకా బొబ్బలు. మే నెల మిట్టమధ్యాహ్నపు ఇసుకలో ఆ కాలు అంతసేపు ఉంది. మామూలు మనిషికైతే మానిపోయేవేమో. చక్కెర మనిషికి కాలి పుండంటే ఏమిటో సుశీల నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సూరమ్మ నన్ను చూసి నవ్వబోయింది. "మాస్టారమ్మా, నువ్వూ వచ్చీసినావా? ఎండన పడి ఎందుకమ్మా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నావల్లే నీకిలా అయిందమ్మా అన్నాను. "నువ్వేటి సేసినావు? మంచికే అన్నావు. సదువుకున్నోలకి కోపం వస్తాది" అంది. ఆమె నన్ను రెండు తగిలించినా ఇంత బాధ ఉండేది కాదు.

శ్రీకాకుళం

పెద్దాసుపత్రిలో నాలుగో రోజు రెండు వేళ్ళు తీసేశారు. చిటికెన వేలు, దాని పక్కది. మిగతా కాలు దక్కిందని, సుశీల వెంట లేకపోతే అదీ దక్కేది కాదని అక్కడి డాక్టరు అన్నారు. సుశీల ఆ మాట విని తలొంచుకుంది. ఆ సాయంత్రం గదిలో కూర్చుని తన నోటు పుస్తకంలో శనివారం పేజీ తీసి చాలాసేపు చూసింది. "నేనూ ఆ ఆకుపచ్చని నమ్మాల్సింది" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. విజయనగరం డాక్టరు గారికి ఉత్తరం రాసింది, సాయంత్రం మాత్ర ఆపేశానని. గుండె డాక్టరు గారికి ఇంకో ఉత్తరం, కాలికి ఇచ్చే మందులు ఇవీ, మీరిచ్చేవాటితో కలిపి చూడండని. పోస్టులో వేసి వచ్చింది నేను. నాకు అప్పగించిన పని అంతవరకే.

నా రైలు మర్నాడు. బయల్దేరే ముందు సూరమ్మని చూడ్డానికి వెళ్ళాం. ఆమె కోసం దానిమ్మపళ్ళు కొన్నాను, చక్కెర మనిషికి పళ్ళెందుకని సగం దారిలో గుర్తొచ్చి సింవాద్రికిచ్చాను. మంచం మీద సూరమ్మ కట్టుకట్టిన కాలు ఎత్తు మీద పెట్టుకుని ఉంది. చుట్ట లేదని విసుక్కుంటోంది. దిండు కింద ఎర్రగుడ్డ మూట ఉంది.

సుశీల మంచం పట్టీ మీద కూర్చుని ముడి విప్పింది. మాత్రలు లెక్కపెట్టింది. మొహం ఎప్పటిలాగే ఉంది.

"ఇంకేటైనా ఉన్నాదా సూరమ్మా?"

సూరమ్మ జవాబు చెప్పే ముందు సుశీల వంక చూడలేదు. నా వంక చూసింది. నేను నవ్వడానికి ప్రయత్నించాను. ఎలాంటి మొహం పెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ పిల్లల ముందు పెట్టిన మొహం తప్ప నాకు వేరే మొహం రాదు.

"నేదమ్మా" అంది సూరమ్మ.

సుశీల ఒక్క క్షణం ఆగింది. మూడేళ్ళు ఎండలో తిరిగి సంపాదించుకున్నది ఏమిటో, అందులో ఎంత పోయిందో ఆ క్షణంలో నాకు కనిపించింది. ఆమె నా వైపు తిరిగి, చిన్నప్పుడు మా ఇంట్లో మాట్లాడినంత ప్రేమగా అంది.

"అక్కా, కాస్త బయటికి వెళ్తావా?"

వెళ్ళాను. వరండాలో తడిబట్టలు ఆరేసిన తాడు పక్కన గోడకానుకుని నిలబడ్డాను. లోపల్నుంచి సుశీల గొంతు మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, అదే నెమ్మదితో. తర్వాత పరుపు కింద ఎక్కడో కాగితం కదిలిన చప్పుడయింది.

"ఉన్నాదమ్మా" అంది సూరమ్మ. "ఇగో."